తిరగేసి రాసిన పేరు

నాచారం,
20-9-2011

అక్క తారామణికి,

తమ్ముడు జీవన్ దండాలు. భీవండిలో నువ్వు, బావ, పిల్లలు బాగున్నారని తలుస్తాను. ఇక్కడ నా ఒంటికి ఏమీ కాలేదు. "అందరం క్షేమం" అని రాయబోతే మాత్రం చెయ్యి ఆగిపోయింది. ఫోన్లో చెప్పే సంగతి కాదు.

"రాళ్ల పని అంటున్నవు, క్వారీల గిట్ల చేరినవా తమ్మీ?" అని అడిగావు. బావ నవ్వి ఉంటాడు. క్వారీ కాదక్కా. మూతబడ్డ బీడీ లేబుళ్ల ప్రెస్సు నుంచి అనంతలక్ష్మి మేడం కొన్న సున్నపురాళ్లు. జిడ్డు పెన్సిలుతో రాతి మీద బొమ్మ గీసి, తడిపి, సిరా రోలరు తిప్పితే జిడ్డున్న చోటే సిరా పట్టుకుంటుంది. అందరూ మరిచిపోయిన ఈ పనిని ఆమె మా షెడ్డులో మళ్లీ లేపింది. చిత్రకారులు వచ్చి గీస్తారు, ఆ పాత ప్రెస్సులో నలభై ఏళ్లు చేసిన బుచ్చిరాములు తాత అచ్చు వేస్తాడు. అక్షరాలు రాతి మీద తిరగేసి రాస్తేనే కాగితం మీద సరిగ్గా పడతాయి. నాకు నేర్పింది ఆయనే.

వేళకు తింటున్నావా అన్నావు. తాత తన డబ్బాలో సగం నాకు పెట్టేవాడు. చూశావా, "పెట్టేవాడు" అని రాసేశాను.

కోపం తగ్గిందా అన్నావు. లేదు. బొమ్మ కింద చిత్రకారుడి సంతకం ఒక్కటే ఉంటుందని మేడంతో గొడవపడ్డాను. మర తిప్పి నడుం విరగ్గొట్టుకున్న మనిషి పేరు ఎక్కడ? నేను చదివిన కరపత్రాలన్నీ అడిగేది అదే కదా! తాత మాత్రం నవ్వాడు.

"నా పేరెందుకు బిడ్డా? అచ్చు మంచిగ పడ్డదా లేదా, గది సూడు."

"గిట్లనే మిమ్ములను తొక్కిన్రు తాతా!" అని అరిచాను.

పోయిన వారం ఇక్కడి కార్మికుల సమ్మె కోసం పోస్టరు గీశాను. తాళం వేసిన ఫ్యాక్టరీ గేటు. తాత అచ్చు వేశాడు. ఉప్పల్ నుంచి మేడిపల్లి దాకా అంటించాం. మొన్న పొద్దున నేను బంకకు మైదా తేవడానికి వెళ్లినప్పుడు పోలీసు జీపు వచ్చింది. తిరిగి వచ్చేసరికి తాత డబ్బా మూత తీసి ఉంది, తాత లేడు.

"పేరు చదివి మరీ తీసుకెళ్లారు జీవన్. ఆయన పేరు పోస్టరు మీదికి ఎలా వచ్చింది?" అంది మేడం.

నేనే రాశానక్కా. మూలన, చిన్న అక్షరాలతో, "అచ్చు: బుచ్చిరాములు, నాచారం" అని. చూసి మురిసిపోతాడని ఆయనకు చెప్పలేదు. చత్వారం, ఆయన చూడనూ లేదు. నా పేరు రాయలేదు. రాసుకుంటే గొప్పలకు పోవడం అనుకున్నాను. నిజంగా అదేనా, భయమా అని రెండు రోజులుగా నన్ను నేనే అడుగుతున్నాను.

ఠాణాకు వెళ్తే, "గా పేరుగల్లోడు ఈడ లేడు, పో" అన్నారు. గోడ పక్కన సిరా మరకల చెప్పులున్నాయి. తాతవే.

ఆయన పేరు చెరిపేద్దామని రాతిని ఇసుక వేసి మూడుసార్లు అరగదీశాను. సిరా పట్టిస్తే ఆ పేరు మళ్లీ తేలింది. ఇక చెరపలేదు. పక్కనే "బొమ్మ: జీవన్" అని రాశాను. కాగితం తీస్తే తాత పేరు సరిగ్గా ఉంది, నాది తిరగబడింది. పని నేర్చుకున్నాక ఎన్నడూ చేయని తప్పు. నా చెయ్యి ఇంకా దాక్కోవాలనే చూస్తోంది. తుడిచి మళ్లీ రాశాను.

ఈ ఉత్తరం పోస్టు డబ్బాలో వేసి, ఆ కాగితంతో ఠాణాకే వెళ్తున్నాను. నన్ను అడుగుతూ నీ గుమ్మానికి ఎవరైనా వస్తే, నా పేరు దాచకు.

ఇట్లు,
రెండోసారికి పేరు సరిగ్గా రాసిన నీ తమ్ముడు,
జీవన్