బుస్సుమంటున్న గొట్టం

నాన్నా,

కారు ముట్టుకోకు. నేను బస్సులో వెళ్తున్నాను. నువ్వు తిప్పిన ఐడిల్ స్క్రూ మళ్ళీ మొదటికి తెచ్చాను, దాని జోలికి పోకు. మూడు వారాలుగా ప్లగ్గులు మార్చావు, ఇంజెక్టర్లు కడిగావు, నా ప్రాణం తోడేశావు. సిగ్నల్ దగ్గర ఆగితే బండి ఇంకా చలిజ్వరం వచ్చినట్టు వణుకుతూనే ఉంది.

పొద్దున బానెట్ ఎత్తి స్టార్ట్ చేసి చూశాను. ఇంజన్ వెనకాల సన్న రబ్బరు గొట్టం చీలి, అందులోంచి గాలి లాగేస్తోంది. వేలితో మూశానో లేదో వణుకు ఆగిపోయింది. అంతే రోగం! కొత్త గొట్టం నేనే తెస్తాను. ఈలోగా పాతదానికి టేపు చుట్టకు, నీ సంగతి నాకు తెలుసు.

“చెయ్యి తర్వాత, ముందు చెవి పెట్టవే” అని నాకు పని నేర్పిందే నువ్వు. ముప్పయ్యేళ్ళుగా మెకానిక్కువి, ఇంత చిన్నది ఎలా వదిలేశావని ఒళ్ళు మండిపోయింది.

నీ పెద్దమ్మాయి

ఇంకోటి. ఆ గొట్టం పాములా బుసకొడుతోంది నాన్నా, గేటు దాకా వినిపిస్తోంది. నిన్న నువ్వు దాని మీదకే వంగి “చప్పుడేం లేదే” అన్నావు. సాయంత్రం ఆరింటికి చెవి డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. తర్వాత వినపడలేదంటావని రాసి పెడుతున్నాను.