మన ఇప్పచెట్టు కింద

నా పేరు ముత్తవ్వ. వయసు డెబ్బై దాటింది. రేగొండ అవతలి అడవిలో, మన గుడిసెలో ఇప్పుడు నేనొక్కదాన్నే. నువ్వు పోయి మూడేండ్లయింది మావా. నేను చెబుతుంటే బడిపంతులు రాస్తున్నాడు.

వానాకాలంలో మన జలపాతం చూడటానికి పట్నం వాళ్లు వస్తున్నారు. వాళ్లు కూర్చోవడానికి కొట్టం వేస్తారట. మన ఇప్పచెట్టు అడ్డముందని నిన్న పొద్దున్నే అడవి గార్డు మల్లేశం గొడ్డలి పట్టుకొని వచ్చాడు. పూలు రాలే రోజులు కదా, నేను చెట్టు కింద ఊడుస్తున్నాను. నన్ను చూసి కూలిమనిషి అనుకున్నాడు.

"అవ్వా, జర అటు పక్క సుత ఊడువు. దొరలు కూసుంటరు."

"నీ దొరలను ఎండల కూసోబెట్టు! గిది మా చెట్టు."

"కాయితం ఉన్నదా?"

"గీ ఊడ్చిన జాగనే కాయితం. ఎవలు ఊడిస్తే పూలు వాళ్లయే. ఊరంత అడుగుపో."

అరవైతొమ్మిది తెలంగాణ గొడవల్లో బండ్లు ఆగి బియ్యం రాకపోతే, నువ్వు ఏరి తెచ్చిన పూలు ఉడకబెట్టుకొని బతికామని చెప్పాను. అప్పుడు కూడా మొదటి దోసెడు చెట్టు మొదట్లోనే పెట్టేవాడివని చెప్పాను. గార్డు గొడ్డలి దించాడు. రాలిన పూవొకటి నోట్లో వేసుకున్నాడు. ఈ ఏడు పూలు అయిపోయేదాకా చెట్టును ముట్టనన్నాడు. తర్వాత సంగతి పైవాళ్లదట.

ఆ పైవాళ్లకు చూపడానికే ఈ కాయితం. ఆ చెట్టు కింద ఇన్నేండ్లు ఊడ్చింది నువ్వు. ఇప్పుడు నేను.

ముత్తవ్వ వేలిముద్ర.

సాక్షులు: పక్కింటి సారక్క, వేలిముద్ర. గార్డు మల్లేశం, సంతకం.