ఇరవై మూడో బెర్తులో పడుకున్నది నేను కాదు

సరికుదుక్,
డిసెంబరు 9.

టికెట్ సొమ్ము వాపసు విభాగపు పై అధికారి గారి సముఖమునకు,

సరికుదుక్ కాపురస్థుడు, భూగోళశాస్త్ర పట్టభద్రుడు, ప్రస్తుతం ఎక్కడికీ వెళ్ళని మెయిర్జాన్ వ్రాసుకొను విన్నపము.

విషయం: నవంబరు 23న సెమెయ్ పోవు రైలులో ఏడో బోగీ, ఇరవై మూడో బెర్తు మీద నేను ప్రయాణం చేయలేదని తమ శాఖ ఒప్పుకొనుట గురించి, టికెట్ సొమ్ము వాపసు గురించి, ముఖ్యంగా మొదటిదాని గురించి.

అయ్యా,

ఈ నెల రెండో తేదీన తమ కార్యాలయం నుండి నాకొక కాగితం అందినది. అందులో "ప్రయాణికుడు తన ప్రయాణమును పూర్తి చేసినందున సొమ్ము వాపసు చేయ వీలుపడదు" అని ఉన్నది. నేను ఆనాటి నుండి నేటి వరకు సరికుదుక్ పొలిమేర దాటలేదు. సెమెయ్ ఇక్కడికి పంతొమ్మిది గంటల దూరమనీ, నేను అక్కడ లేననీ భూగోళం చదువుకున్నవాడిగా గట్టిగా చెప్పగలను. కావున జరిగినది జరిగినట్టు మనవి చేసుకొనుచున్నాను.

1. నేను సెమెయ్ పోవలసిన పని మామూలు పని కాదు. తోల్గనాయ్ అను అమ్మాయి కాలేజీలో నాకన్నా ఒక ఏడు వెనక, మార్కులలో చాలా ముందు. ఆమెను పెళ్ళాడుటకు ముందుగా ఆమె తండ్రి ఎదుట మోకాళ్ళు మడిచి కూర్చుని, ఆయన పోయించినన్ని టీలు తాగి, అడిగినవాటికి జవాబులు చెప్పి రావలెను. ఆ తండ్రి ఒరాల్‌బాయ్ గారు రైళ్ళలో ముప్పై ఒక్క ఏళ్ళు టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. ఆయన మనుషుల మాట నమ్మరు. రైల్వే కాగితం నమ్ముతారు. నా కొంప మునిగినది ఇక్కడే.

2. మా వైపు ఒకడు పట్నం బయల్దేరాడంటే వాడు ఒక్కడే పోడనీ, పట్నంలో ఉన్న చుట్టాలందరికీ ఊళ్ళో ఉన్న చుట్టాలందరి మూటలూ వాడితో పోతాయనీ తమరు ఎరుగుదురు. ఆ రోజు నాతో పంపినవి పదకొండు మూటలు. గుర్రపు మాంసం కాజీ మూడు చుట్టలు, ఎండిన పెరుగు ఉండలు ఒక బస్తా, ఊలు మేజోళ్ళు, ఒక కుట్టుమిషను తల, మిగతావి విప్పి చూడవద్దని చెప్పి ఇచ్చినవి. రైలు మా స్టేషనులో ఆగేది ఏడు నిమిషాలు. మా కైర్బెక్ బాబాయి పటాలంలో సామాను విభాగంలో పనిచేసినవాడు.

"ముందు మూటలు, తర్వాత మనిషి. మనిషికి కాళ్ళుంటాయిరా, మూటకుంటాయా?" అన్నది ఆయన సిద్ధాంతం.

ఆ ప్రకారం నా టికెట్టూ గుర్తింపు కార్డూ లాక్కుని, పదకొండు మూటలనూ బెర్తు మీద పొడుగ్గా పేర్చి, వాటి మీద నా గొర్రెతోలు కోటు కప్పి, తల వైపున నా నక్కతోలు టోపీ పెట్టినాడు. నా ఫోను ఆ కోటు జేబులో ఉన్నది. ఆ పైన బోగీ చూసుకునే రౌషన్ గారికి టికెట్టు చూపించి, "ఇరవై మూడు ఎక్కేసిందమ్మా!" అని కేకేసి దిగిపోయినాడు. ఆమె యంత్రంలో ఒక గుర్తు నొక్కినారు. తమరి లెక్కలో నేనంటే ఆ గుర్తే.

3. ఈలోగా ప్లాట్‌ఫారం మీద మా తాత బైసెయిత్ గారు నన్ను దీవించుటకు అరచేతులు చాచినారు. పెద్దవారు చేతులు చాచితే, "ఆమిన్" అని ముఖం తుడుచుకునేదాకా ఎదుట ఉన్నవాడు కదలరాదు. కదిలితే దారి కలిసిరాదు. మామూలుగా ఇది నిమిషంలో తేలిపోవు వ్యవహారం. కానీ అమ్మాయి వైపు పెద్దాయన ఒకరు గొప్ప మాటకారి అని ఎవరో మా తాత చెవిన వేసినారు. అది మొదలు వారం రోజులు మా తాత కొట్టంలో గొర్రెలను నిలబెట్టి సాధన చేసినారు. గొర్రెలకు తొందర లేదు గనుక దీవెన బాగా పెరిగినది.

ఆయన నన్ను దీవించినారు. పట్టాలను దీవించినారు. ఇంజను నడిపేవాణ్ణి, వాణ్ణి కన్నతల్లిని, ఆమె చిన్నప్పుడు పాలు తాగిన ఆవును దీవించినారు.

"నాన్నా, రైలు..." అన్నాడు మా నాన్న, పెదవులు కదపకుండా.

"దీవెన మధ్యలో నోరెత్తుతావా? అందుకే నీ జుట్టు ఊడింది," అని తాత మళ్ళీ పట్టాల దగ్గర్నుంచి అందుకున్నారు.

రైలు కూత వేసినది. తాత కళ్ళు మూసుకునే, "విన్నారా, ఇనుము కూడా ఆమిన్ అంటోంది," అన్నారు.

పద్నాలుగు మందిమి చేతులు చాచుకుని, మెడలు మాత్రం తిప్పుతూ, ఏడో బోగీ పోవడం చూసినాము. ఎనిమిదోది చూసినాము. వెనకాల గూడ్సు పెట్టె ఒకటి ఉంటే అదీ చూసినాము. అంతా పోయి సిగ్నలు ఎర్రగా మారిన తర్వాత తాత, "మా పిల్లాడు క్షేమంగా చేరుగాక, ఆమిన్," అని ముఖం తుడుచుకుని, కళ్ళు తెరిచి నన్ను చూసినారు.

"ఏరా, ఇంకా ఇక్కడే ఏడుస్తున్నావేం? రైలు తప్పిపోగలదు!"

4. ఆ తర్వాత రైల్లో జరిగినవి రౌషన్ గారు ఫోనులో చెప్పగా తెలిసినవి. ఆవిడ నాకు, అనగా మూటలకు, శుభ్రమైన దుప్పటి కప్పినారు. "బంగారంలాంటి ప్రయాణికుడు బాబూ. గురక లేదు, మేజోళ్ళ కంపు లేదు, మరుగుదొడ్డి ఎప్పుడు తెరుస్తారని ఒక్కసారి అడగలేదు. గుర్రపు మాంసం వాసన కాస్త వచ్చిందనుకో, ఎవరి ఒంటి తీరు వాళ్ళది," అన్నారు. ఎదుటి బెర్తులోని పెద్దమ్మ తన ముగ్గురు కోడళ్ళ సంగతి దారి పొడుగునా నాకు చెప్పుకున్నదట. ఇంత ఓపిగ్గా వినే కుర్రాణ్ణి ఈ కాలంలో చూడలేదని కళ్ళు తుడుచుకున్నదట. ఈ మాట తెలిసినప్పటి నుండి మా అమ్మ నన్ను ఆ కుర్రాడితో పోల్చి తిడుతున్నది.

అంతటితో పోలేదు. దారిలో తోల్గనాయ్ నా నంబరుకు ఫోను చేసినది. ఆ పెద్దమ్మ కోటు జేబులోంచి తీసి, "పడుకున్నాడు తల్లీ, అలిసిపోయాడు పాపం, నేను చూసుకుంటాలే," అని పెట్టేసినది. నేనే ముందుగా తోల్గనాయ్‌కి ఎందుకు చెప్పలేదని తమరు అడగవచ్చు. నా నంబరుకే చేస్తే పెద్దమ్మ నాకూ అదే జవాబు చెప్పి పెట్టేసినది. తోల్గనాయ్ నంబరా, అది ఫోనుకు తెలుసు, నాకు తెలియదు. ఈ నేరం మీద ఆమె వద్ద వేరే విచారణ నడుస్తున్నది.

5. సెమెయ్‌లో ఒరాల్‌బాయ్ గారు పాత రైల్వే కోటు బొత్తాలు రుద్దుకుని, కూతురిని వెంటబెట్టుకుని, అరగంట ముందే ప్లాట్‌ఫారం మీద నిలబడినారు. రైలు వచ్చినది. పట్నం చుట్టాలు ఎక్కి ఎవరివి వారు దించగా మూటలు దిగినవి. కోటు దిగినది. టోపీ దిగినది. నేను దిగలేదు. బెర్తు ఖాళీగా చూసి రౌషన్ గారు, "ఇప్పుడే దిగిపోయి ఉంటాడండీ," అని చెప్పినారు. ఆ సమయానికి నేను మా బాబాయి ఫోను నుండి నా నంబరుకే మళ్ళీ చేయగా, కోటు జేబులో మోగుతుంటే తోల్గనాయ్ ఎత్తినది.

"ఎక్కడ చచ్చావు?"

"సరికుదుక్‌లో."

"నీ టోపీ ఇక్కడుంది కదా!"

నేను మొత్తం చెప్పినాను. ఆమె నమ్మినది. మా తాత సంగతి ఆమెకు ఇదివరకే తెలుసు. కానీ పక్కనుంచి తండ్రి గొంతు నాకు స్పష్టంగా వినబడినది.

"ఫోనులో ఎక్కడున్నానన్నా చెల్లుతుందమ్మా. నన్ను కిటికీలోంచి చూశాడు, అటు తలుపు తీసుకుని పట్టాల మీదికి దూకాడు. టికెట్ లేక దూకినవాళ్ళను ముప్పై ఒక్క ఏళ్ళు చూశాను. టికెట్ ఉండి దూకినవాణ్ణి ఇదే చూడ్డం. ఎక్కలేదంటాడా? అయితే ఎక్కలేదని రైల్వే వాళ్ళ చేత రాయించి పంపమను. అప్పటిదాకా నీకు వేరే సంబంధం చూడ్డం నేను ఆపను."

6. రైల్వే వారి చేత రాయించుటకు నాకు తోచిన దారి ఒక్కటే. వాడని టికెట్టుకు సొమ్ము వాపసు ఇచ్చినారంటే ప్రయాణించలేదని ఒప్పుకున్నట్టే కదా అని, మా స్టేషను కిటికీలో బిబిగుల్ గారి వద్ద దరఖాస్తు పెట్టినాను.

"మీరు ప్రయాణం చేశారండీ," అన్నారావిడ, తెర వైపు చూస్తూ.

"లేదండీ, ఇక్కడే ఉన్నాను."

"ఇందులో సెమెయ్‌లో దిగారు."

"మరి మీ ముందు నిలబడ్డది ఎవరండీ?"

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, కొంచెం ఆలోచించి, "అయితే తిరుగు టికెట్ చూపించండి," అన్నారు.

"నేను వెళ్ళందే తిరిగి ఎలా వస్తానండీ?"

"తిరుగు టికెట్ లేకుండా సెమెయ్ నుంచి వచ్చారన్నమాట. దానికి జరిమానా ఉంటుంది. రాయమంటారా?"

నేను కిటికీ నుండి రెండడుగులు వెనక్కి వేసినాను. రెండో తేదీన తమరి కాగితం వచ్చినది. రైల్వే కాగితం కదా, సాయం చేస్తుందేమోనని మా బాబాయి చదవకుండా, నాకు చెప్పకుండా దాన్ని ఫొటో తీసి ఒరాల్‌బాయ్ గారికి పంపినాడు. ఆయన దాన్ని అచ్చు వేయించి భోజనాల బల్ల ఎదురుగా గోడకు అంటించినారట. తోల్గనాయ్ ప్రతి ముద్దకూ అది చూస్తూ తినవలసి వస్తున్నది. వచ్చే ఆదివారం పశువైద్యుడి కొడుకొకడు ఆ ఇంటికి టీకి వస్తున్నాడు. వాడికి సొంత కారు ఉన్నదట. వాడి తాత బతికి లేడట.

7. కావున నా ప్రార్థన. సొమ్ము నాకు చేదని అనను. అయినా నాకు కావలసినది సొమ్ము కాదు. నేను వెళ్ళలేదు అన్న ఒక్క వాక్యం, తమరి సంతకంతో. సాక్ష్యం కావలెనంటే ఆనాడు స్టేషనులో ఉన్న మేమందరమూ వస్తాము. తాత గారిని మాత్రం సాక్ష్యానికి పిలవవద్దని మనవి. ముందు తమరిని దీవిస్తారు, కార్యాలయం మూసే వేళకు మాట మొదలవుతుంది.

పై సంగతులన్నియు తీరిక చేసుకుని, వీలైతే ఆదివారం లోపల, చిత్తగించవలెను.

తమ విధేయుడు, సరికుదుక్‌లోనే ఉన్నవాడు,
మెయిర్జాన్

తా.క. ఈ అర్జీ పోస్టులో వేసే ముందు తప్పులు చూడమని ఫోనులో తోల్గనాయ్‌కి చదివి వినిపించినాను. ఆమె ఫోను గొంతు పెద్దది చేసి పెట్టిందనీ, పక్కన ఒరాల్‌బాయ్ గారు కూర్చుని ఉన్నారనీ నాకు తెలియదు. ఆయన నాతో మాట్లాడలేదు. కూతురితోనే మాట్లాడినారు.

"అడుగమ్మా, రైలు కదలడం కళ్ళారా చూశాడా?"

"చూశానండీ," అన్నాను.

"చూసి కూడా పెద్దాయన దీవెన వదిలి పరిగెత్తలేదా?"

"లేదండీ."

టీ జుర్రిన చప్పుడు ఒక్కటి వినబడినది.

"అయితే తప్పు వాడిదే. స్టేషనులో ఉండీ రైలెక్కనివాడికి సొమ్ము వాపసు లేదు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కడికీ ఇవ్వనివ్వలేదు, అల్లుడికిస్తానా?"

అయ్యా, నేను ఆ ఆఖరి మాట దగ్గర ఆగిపోయి తర్వాతిది సరిగా వినలేదు. తోల్గనాయ్ మళ్ళీ చెప్పినది. ఆ మాట ఇంకా ఖాయం కాలేదట, తొందరపడి నోరు జారినదట, కాగితం రావలెనట. గోడ మీది కాగితం దించాలంటే దాని మీద అంతకన్నా కొత్త తేదీ ఉన్న రైల్వే కాగితమే అంటించాలట.

కావున పై ఏడు అంశాలలో అడిగినదంతా రద్దు చేసుకొనుచున్నాను. దయచేసి నా దరఖాస్తును మళ్ళీ తిరస్కరించండి. సొమ్ము ఒక్క టెంగే కూడా ఇవ్వవద్దు, ఇచ్చినారో పెళ్ళి ఆగిపోతుంది. కారణం దగ్గర మాత్రం "ప్రయాణికుడు రైలు అందుకోలేకపోయినందున" అని రాయించండి. గుండ్రటి ముద్ర స్పష్టంగా పడాలి. ఆయన భూతద్దం పెట్టి చూస్తారు.