కండెకో ఉరుకు

అత్తమ్మా,

రేపటికి నువ్వు పోయి ఆర్నెల్లు. ఈ ఉత్తరం నీకు అందదని తెలుసు, అయినా నీకు చెప్పందే మనసు ఊకుంటలేదు. ఇయ్యాల నీ మనుమరాలు సరళ లెక్కల పరీక్ష పూర్తిగ రాసింది.

పోయినేడు రెండు లెక్కలు చేసి, కాయితం బల్ల మీదనే ఇడిసి బయటికి ఉరికిన పిల్ల ఇది. ఆ కోపంల నేను దాని కాలు మగ్గం గుంజకు నూలుతోని కట్టేసిన. ముడి నువ్వే ఇప్పినవు. మూడు రోజులు నువ్వు నాతోని మాట్లాడలేదు.

నాలుగో రోజు దాన్ని రాట్నం ముంగట కూసోబెట్టి, "ఒక్క కండె నూలు చుట్టు బిడ్డా, గల్లీ చివరిదాక ఉరికి రా. మల్ల ఇంకోటి" అన్నవు. "పోతే మల్ల వస్తదా?" అని నేను గులిగిన. "వస్తది. జర ఓపిక పట్టు" అన్నవు. పొద్దుమీకేసరికి పది కండెలు చుట్టి, మన కాశిబుగ్గ వాడంత తిరిగి చెప్పుకున్నది.

ఇయ్యాల అదే పోయి సారును అడిగిందట: "సార్, ఒక్కో లెక్క అయినంక లేచి నీళ్లు తాగొస్త, తిట్టకుండ్రి." సారు నవ్వి, కడవను తలుపు దగ్గర పెట్టించిండట. పదిసార్లు లేచింది. పది లెక్కలూ చేసింది.

ఇంటికొచ్చి, నువ్వు కూసునే పీట మీద మొదటిసారి కూసోని ఒక కండె చుట్టింది. ఇప్పుడే గల్లీ చివరికి ఉరికింది. నేను పిలుస్తలేను అత్తమ్మా. తలుపు బార్లా తీసి, ఇంకో ఖాళీ కండె రాట్నానికి పెట్టి కూసున్న.