సున్నం కింద అమ్మ ముఖం

దర్శిలో కరెంటు సామాను కొట్టు నడిపిన గౌస్ బాషా అను నేను, వయస్సు డెబ్బై ఒకటి, స్థిరబుద్ధితో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయించిన మరణశాసనం. నాకు మతి లేదని మా అల్లుడు అంటాడని తెలుసు. అందుకే ఇద్దరు డాక్టర్ల సర్టిఫికెట్లు జత చేశాను.

1. నా పిల్లలు అబ్దుల్లా, సిద్దికాలకు షరీయతు ప్రకారం రావాల్సింది వస్తుంది. ఇక్కడ రాసేది నా ఇష్టానికి మిగిలిన మూడోవంతు లోపలి సంగతి.

2. దీన్ని అమలు జరపాల్సింది నా పాత స్నేహితుడు జానకిరామయ్య మాస్టారు. ఒకసారి కొట్టు తాళాలు వారంపాటు ఆయన దగ్గర వదిలి పరీక్షించాను. ఆ సంగతి ఆయనకిప్పుడే తెలుస్తోంది, మన్నించాలి.

3. సిద్దికా కూతురు నజీరాకు నా రిపేరు పెట్టె, టార్చిలైటు. స్క్రూడ్రైవర్లు పదకొండు. వాళ్ల నాన్న ఎదుటే లెక్కపెట్టుకోవాలి.

4. తూర్పు కిటికీలో బిగించిన జానెడు పింగాణీ పలక నా చెల్లెలు లాల్‌బీకి చెందాలి. ఊరికే చూస్తే అది ఎగుడుదిగుడు తెల్ల పెంకు. వెనక నుంచి వెలుగు పడితే పల్చటి చోట తెల్లగా, మందం చోట నల్లగా మా అమ్మ మాబూబీ ముఖం వస్తుంది. పింగాణీ ఫ్యాక్టరీలో అచ్చులు పోసే మా నాన్న, ఆమె చనిపోయిన ఏడాదే చేశాడు.

పద్దెనిమిదేళ్ల కింద లాల్‌బీ సింగరాయకొండ నుంచి వచ్చి పలక తనకిమ్మంది. ఇవ్వనన్నాను. వారం తిరగకుండా, రంజాన్ ముందు, అందులో అమ్మ కనిపించడం మానేసింది. అసలుది పట్టుకెళ్లి ఉత్త పెంకు పెట్టిందని అందరి ముందూ లాల్‌బీని దొంగ అన్నాను. "ఒకసారి బయటికెళ్లి చూడన్నా" అని ఏడ్చింది. వెళ్లలేదు. ఆమె మళ్లీ మా గడప తొక్కలేదు.

పోయిన తుఫానుకు బయట గోడ సున్నం పెచ్చు ఊడింది. తెల్లారి చూస్తే పలకలో అమ్మ కన్ను ఒక్కటి నా వైపే చూస్తోంది. ఆనాడు పండక్కి గోడతోపాటు పలక వీపుకీ సున్నం కొట్టింది నేనే. ప్రతి ఏడూ ఇంకో పూత వేసిందీ నేనే. ఇప్పుడదంతా గీకేశాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. లాల్‌బీకి ఫోను చేస్తే ఎత్తలేదు. సింగరాయకొండ బస్సెక్కి సగం దారిలో దిగిపోయాను.

5. ఇది కూడా నా ఎత్తే అని లాల్‌బీ అనుమానిస్తుంది. అనుమానించాలి, ఇప్పుడా హక్కు ఆమెది. మాస్టారు పలకను ఆమె ఇంటికే తీసుకెళ్లాలి, నజీరా టార్చి పట్టాలి. అమ్మను కళ్లారా చూసుకున్నాకే లాల్‌బీ ముట్టినట్టు సంతకం పెట్టాలి. నా మాట మీద మాత్రం తీసుకోవద్దు.

దర్శి, 9 డిసెంబరు 2025.
(సంతకం) గౌస్ బాషా

సాక్షులు, పలక వెనక దీపం పెట్టి ముఖం చూసినవారు:
1. బాలసరస్వతి
2. జాన్ బాషా