వాళ్ళ మనిషి

ప్రియమైన తమ్ముడూ,

మా పత్రిక పని మీద సరిహద్దు ఊరు చేరాను. ఆసుపత్రి మీద పడిన గుండు శత్రువుదేనని సైన్యం చెబుతోంది. మన ఫిరంగిదేనని జనం గుసగుసలాడుతున్నారు. తమ పేరు బయటపెట్టి మాట్లాడేవాళ్ళు లేరు.

కారు, డ్రైవరు దొరికారు. అతను మాటల పొదుపరి. ఏ చెక్‌పోస్టులోనూ మమ్మల్ని ఆపడం లేదు. మొన్న నాతో మాట్లాడిన వార్డుబాయ్‌ని మర్నాడే సైనికులు పట్టుకెళ్ళారు. మేం కలిసిన సంగతి డ్రైవరుకి తప్ప ఎవరికీ తెలియదు. నాకొచ్చిన అనుమానం నీకూ వస్తోందా?

నీ అక్క

అక్కా,

రాకేం? లాయర్లం, అద్దంలో మా మొహాన్నే రెండుసార్లు చూసుకుంటే గానీ నమ్మం. అతను వాళ్ళ మనిషే. పక్కలో బల్లెం పెట్టుకుని ఊరేగుతున్నావు. వేరే కారు చూసుకో. బావకి ఏమీ చెప్పలేదు. అడిగితే మాత్రం దాచడం నా వల్ల కాదు.

భయంతో, తమ్ముడు

ప్రియమైన తమ్ముడూ,

వేరే కారు దొరకలేదు. పాత మిల్లులో ఒకరిని కలుస్తున్నానని అతనొక్కడికే చెప్పి, ఎదురు మేడ మీంచి చూశాను. జీపుల్లో సైనికులు దిగారు.

కోపం పట్టలేక, ఆసుపత్రిలో చనిపోయినవాళ్ళ ఫోటోలు అతని ఒళ్ళో పడేశాను. “చూడు, నువ్వు ఎవరి నోరు నొక్కుతున్నావో” అన్నాను. ఒక్కొక్కటే చూసి తిరిగిచ్చాడు. నేను దిగిన లాడ్జి దగ్గర మాత్రం, “ఈ పూట ఇక్కడ ఉండకండి మేడమ్. మా పిన్ని ఇంటికి రండి” అన్నాడు. ఇది ఉచ్చో, దయో తెలియడం లేదు. సహాయ సామగ్రి లారీ వెళ్ళిపోతోంది, ఈ ఉత్తరం అందులో పంపుతున్నాను.

నీ అక్క

అక్కా,

వెళ్ళకు. ఇదొక్కటీ నా మాట విను.

తమ్ముడు

ప్రియమైన తమ్ముడూ,

నీ ఉత్తరం ఆలస్యంగా అందింది. అప్పటికే వెళ్ళాను. ఆ రాత్రే సైనికులు లాడ్జిలో నా గది తలుపు విరగ్గొట్టి, పరుపులు కూడా చీల్చి వెతికారట.

వాళ్ళ పిన్ని వంటింట్లో కూర్చుని చెప్పాడు. ఆసుపత్రిని కూల్చిన మన ఫిరంగికి గుండ్లు మోసిన లారీ తనదేనట. నోరు విప్పకుండా, నా కదలికలు చెబుతూ ఉంటే, ఖైదులో ఉన్న అతని తమ్ముణ్ణి వదిలేస్తామన్నారట. ఆ తమ్ముడు ఖైదులో లేడు. నేను ఇచ్చిన ఫోటోల్లో మూడో మంచం మీద ఉన్నాడు.

“నా పేరు వేసే రాయండి మేడమ్. వార్డుబాయ్‌ని పట్టించింది నేనేనని కూడా రాయండి” అన్నాడు. రాశాను. వార్త అచ్చయింది, మేమిద్దరం సరిహద్దు దాటాం. వార్డుబాయ్ జాడ ఇంకా తెలియలేదు.

నువ్వన్నది నిజమే, అతను వాళ్ళ మనిషే. ఈ కేసు కోర్టుకెక్కిన రోజున మనకున్న ఒకే ఒక్క సాక్షి కూడా అతనే. “మీ తమ్ముడుగారు నా తరఫున నిలబడతారా?” అని అడిగాడు. నీ బదులు నేను మాటివ్వలేదు. వచ్చి, అతని మొహం చూసి చెప్పు.

నీ అక్క