పట్వారీ గారి పేగు ముక్క

కొండాపూర్,
4 జూన్ 1979

దవాఖాన లేబొరేటరీ పెద్ద డాక్టరు గారికి కొండాపూర్ పట్వారీ వెంకటనారాయణ నమస్కారం. మీకే, మీ లేబొరేటరీకి కాదు.

పోయిన నెల మీ దవాఖానలో నా పేగులోకి గొట్టం దింపి, తీగ ఉచ్చు వేసి, శనగగింజంత కండ తీశారు. పరీక్షకు మీ దగ్గరికి పంపారట. మూడు వారాలైంది. ఈలోపల నేనైతే ఊరి భూములన్నిటికీ పహాణీ లెక్కలు రాసేస్తాను. చూడటం అయిపోయి ఉంటే ముక్క తిరిగి పంపండి. పుట్టినప్పుడు ఒంట్లో ఉన్నదంతా పోయేటప్పుడు వెంట ఉండాలి.

ఇట్లు,
వెంకటనారాయణ

తా.క.: సీసాలో పంపండి. కాగితంలో చుడితే పోస్టుమ్యాన్ మిర్చి బజ్జీ అనుకుంటాడు.

హైదరాబాద్,
9 జూన్

పట్వారీ గారికి, డాక్టర్ పద్మావతి నమస్కరించి రాయడం ఏమనగా,

మీ ముక్క ఇప్పుడు ముక్కగా లేదండి. మైనంలో పెట్టి, వెంట్రుకకంటే పల్చగా నలభై పొరలు కోసి, రంగులద్ది అద్దాలకు అంటించాం. మైక్రోస్కోపులో చూడాలంటే అదే పద్ధతి. పహాణీలాగా అరుగు మీద కూర్చుని ఊహించి రాసేది కాదు. పైగా అది మీతో పుట్టింది కాదు, మధ్యలో వచ్చి చేరింది. ఫలితం చెప్పాలి, స్వయంగా రండి.

ఉంటాను,
పద్మావతి

తా.క.: పొరల్ని మళ్లీ ముక్కగా అతికించే విద్య మాకు రాదు.

కొండాపూర్,
13 జూన్

డాక్టరమ్మ గారికి,

నలభై పొరలా? మా ఇంట్లో ఉల్లిగడ్డను కూడా అంత సన్నగా తరగరు. నేను రాను. నాకు పనులున్నాయి, చదవడమూ వచ్చు. ఫలితం రాసి పంపండి. అయినా రోగముంటే ముక్కలో ఉంది, ముక్క మీ దగ్గరుంది. వైద్యం దానికే చేయండి.

ఇట్లు,
వెంకటనారాయణ

తా.క.: దానికి నయమైతే ఒక కార్డు ముక్క రాయండి.

హైదరాబాద్,
18 జూన్

పట్వారీ గారికి,

వేళాకోళం చాలండి. ముక్క రాగానే కోసిన అంచుకు నల్ల సిరా పూస్తాం. సిరాకూ రోగానికీ మధ్య మంచి కండ ఉంటే బెంగ లేదు. మీ ముక్కలో రోగం సిరాను తాకింది. అది క్యాన్సరు. మీకు అర్థమయ్యేలా చెప్పాలంటే, ఆక్రమణ హద్దురాయి దాటింది. ఇంకా మొదట్లోనే ఉంది. ఈ నెలలో ఆపరేషన్ చేసి ఆ పేగు కొంత తీసేస్తే బతుకుతారు. వచ్చే సోమవారం రండి. రాకపోతే మీ పొగరు మీరే అనుభవిస్తారు.

పద్మావతి

తా.క.: ఇంత గుండ్రటి అక్షరాలతో ఉత్తరాలు రాసే పట్వారీ దవాఖాన కాగితం మీద వేలిముద్ర ఎందుకు వేశారండి?

కొండాపూర్,
20 జూన్

డాక్టరమ్మ గారికి,

ఆ వేలిముద్ర పెంటయ్యది. ముప్పై ఏళ్లుగా మా ఇంట్లో జీతగాడు. నెత్తురు పడుతున్నదని మీ దవాఖానకు మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ గేటు దగ్గరే తిప్పి పంపారు. నాలుగోసారి తన పేరుకు బదులు నా పేరు చెప్పమన్నాను. అదే రోజు మంచం ఇచ్చారు. మీ మైక్రోస్కోపుకు కండ కనబడుతుందేమో, మీ గేటుకు మాత్రం పేరే కనబడుతుంది.

ముక్క అడిగింది పెంటయ్యే. మట్టిలో పెట్టేనాడు ఒంట్లో ఏదీ తక్కువ కావొద్దట. మీ ఉత్తరం చదివి వినిపించాను. "నేను సస్తే రిజిస్టర్ల మీరు సచ్చినట్టు గాదా దొరా? జర పేరు మార్పించుండ్రి" అన్నాడు. ప్రాణం మీదికి వచ్చినా వాడి భయం నా గురించే. నాకు సిగ్గేసింది.

సోమవారం తీసుకొస్తున్నాను. తప్పుడు పేరు రాయించినందుకు నా ఉద్యోగం పోతే పోనీయండి.

ఇట్లు,
వెంకటనారాయణ

తా.క.: ఈసారి వాడు పెంటయ్య అనే చెప్తాడు. మీరు కొంచెం ముందుగా వచ్చి గేటు దగ్గర నిలబడండి.